తాత కేకేసిన స్టేజీలు

మా తాత 1964లో ఆర్టీసీలో కండక్టరుగా చేరాడు, 1996లో రిటైరయ్యాడు. మధ్యలో కొన్నాళ్లు జిల్లా బస్సుల మీద పోయినా సర్వీసు దాదాపు అంతా హైదరాబాద్ సిటీ బస్సుల్లోనే గడిచింది. రాణిగంజ్, ట్యాంక్‌బండ్, ఆబిడ్స్, కోఠి, అఫ్జల్‌గంజ్, మదీనా, చార్మినార్, జూపార్క్. ఈ పేర్లన్నీ చిన్నప్పుడు మాకు ఎక్కాల్లా నోటికొచ్చు. ఎండాకాలం సెలవుల్లో డాబా మీద పడుకున్నప్పుడు ఒక్కో పేరూ సాగదీసి కేకేసేవాడు. పిల్లలమంతా "రైట్ రైట్" అనాలి.

పోయినేడు జనవరిలో, ఎనభై ఆరో ఏట, హన్మకొండలో మా ఇంట్లోనే కన్నుమూశాడు. మొన్న సంవత్సరీకం అయిపోయి చుట్టాలంతా తలో దిక్కు వెళ్లాక బాపమ్మ నన్ను పిలిచింది. "మీ తాత తిరిగిన తోవ నన్నొక్కసారి తిప్పుతవా బిడ్డా? పేర్లు ఇనుడే గానీ నేను దిగి చూసింది లేదు" అన్నది.

ముప్పై ఏళ్లకు పైగా హైదరాబాదులో కాపురం చేసిన మనిషి ఆ మాట అంటే నాకు ఆశ్చర్యమేసింది. తాత చూపించలేదా అన్నాను. "ఆయన చూస్తే గద, నాకు సూపెట్టనీకి. డ్యూటీల ఉన్నోడు బస్సు దిగి సూస్తడా?" అన్నది. అప్పటికప్పుడు ఆఫీసుకు సెలవు పెట్టేశాను.

బుధవారం

కారు మాట్లాడతానన్న బాపు మాట బాపమ్మ చెవిన పెట్టలేదు. "బస్సుల పోతేనే ఆయన తోవ తెలుస్తది" అని పట్టుబట్టింది. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు కదా, హన్మకొండ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. కండక్టరు ఒక అమ్మాయి. ఆధార్ కార్డులు చూసి, మిషన్ నొక్కి, జీరో టికెట్లు చేతిలో పెట్టింది. బాపమ్మ కళ్లజోడు సవరించుకుని ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మా ఆయన గూడ కండక్టరేనమ్మా. టికెట్లు చింపి చింపి బొటనేలు కాయగాసింది" అన్నది. రద్దీ తగ్గాక ఆ అమ్మాయి వచ్చి మా పక్కన కూర్చుంది. బాపమ్మకు అంతకంటే ఏం కావాలి?

మిషన్లు రాకముందు ఆ పని ఎంత కష్టమో నాకూ అప్పుడే సరిగ్గా అర్థమైంది. చేతిలో ట్రే, అందులో ఒక్కో రేటుకు ఒక్కో టికెట్ బ్లాకు. చంకన తోలు సంచి. ప్రతి స్టేజీ దగ్గరా ఏ బ్లాకులో ఏ నంబరు దాకా టికెట్లు తెగాయో ఎస్సార్ షీటులో ఎక్కించాలి. చెకింగ్ వాళ్లు బస్సెక్కితే ముందు అడిగేది ఆ షీటే. కిక్కిరిసిన బస్సులో, నడుం ఏదో సీటుకు ఆనించి, మోకాలి మీద షీటు పెట్టుకుని రాయాలి. డ్యూటీ దిగాక డిపోలో డబ్బు లెక్కబెట్టి కట్టాలి. తక్కువ పడితే జేబులోంచి పెట్టుకోవాలి. "ఒకపారి పది రూపాయలు షార్టొచ్చినయి. అప్పట్ల పది రూపాయలంటే మాకు వారం కూరగాయలు. ఆ వారమంతా పచ్చిపులుసే" అన్నది బాపమ్మ. కండక్టరమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు గూడ చిల్లర బాధ చిల్లర బాధనే అమ్మా" అన్నది.

జనగామ వచ్చింది. తాతది ఆ పక్క ఊరే. నిజాం కాలంలో బడి ఉర్దూలో ఉండేది, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగేనాటికి ఆయనకు పదేళ్లు. తర్వాత చదువు తెలుగులోకి మారింది. అందుకే ఆయనకు రెండు లిపులూ వచ్చు. డబ్బు మాత్రం చివరిదాకా ఉర్దూలోనే లెక్కబెట్టాడు. మెట్రిక్ పాసయ్యే లోపే తండ్రి పోయాడు. తల్లి, ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లె. జనగామలో ప్యాసింజర్ బండెక్కి సికింద్రాబాదులో దిగి, మోండా మార్కెట్లో బస్తాలు మోశాడు. కండక్టరు నౌకరీ వచ్చేదాకా ఆ బస్తాలతోనే ఊళ్లో నలుగురి కడుపులూ నిండాయి.

ఆలేరు దాటాక రాయగిరి దగ్గర బాపమ్మ కిటికీలోంచి వేలు పెట్టి చూపించింది. హుస్సేన్‌సాగర్ బుద్ధుడి రాయి అక్కడిదే. "మా దిక్కు రాయి" అని తాతకు ఎంత గర్వమో. ఉప్పల్లో దిగేసరికి చీకటి పడింది. రామ్‌నగర్లో మా పెద్దత్తమ్మ వేడి వేడి జొన్న రొట్టెలు చేసి పెట్టింది.

గురువారం

పొద్దున్నే బాపమ్మ నన్ను జమిస్తాన్‌పూర్ గల్లీల్లోకి నడిపించింది. వాళ్లు కాపురం పెట్టిన రెండర్రల కిరాయి వాటా ఇప్పుడు లేదు, అక్కడ అపార్ట్‌మెంట్ లేచింది. అయినా ఆమె గేటు ముందు నిలబడి, ఇగో ఇక్కడ పొయ్యి, ఇక్కడ నీళ్ల గోలెం, ఇక్కడ మీ తాత మంచం అని లిఫ్టు గోడనూ పార్కింగునూ చూపించింది. వాచ్‌మన్ ఆమె మాటలు విని కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె చాలాసేపు అందులో కూర్చుంది.

తాత ఎప్పుడూ మొదటి షిఫ్టే అడిగి వేయించుకునేవాడట. మూడింటికి లేచి స్నానం చేసి, నాలుగయ్యేసరికి ముషీరాబాద్ డిపోలో ఉండాలి. ఆ షిఫ్టంటే అందరూ ముఖం చాటేసేవాళ్లు. ఆయనకు మాత్రం అదే కావాలి, ఎందుకంటే పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉండొచ్చు. బాపమ్మ కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టేది. పొద్దంతా ఆ పనే సరిపోయేది. సాయంత్రం ఇద్దరు ఆడపిల్లలకూ జడలు వేసేది తాతే. పెద్దత్తమ్మ రాత్రి అన్నం దగ్గర చెప్పింది, "మా క్లాసుల అందరి జడలకంటే మా నాయిన ఏసిన జడనే గట్టిగుండేది, మాపటిదాంక ఊడకపోయేది" అని. చెబుతూ చెబుతూ అరవై దాటిన మనిషి చెయ్యి వెనక్కి పోనిచ్చి తన జుట్టు ముడి సర్దుకుంది.

ఇంటికి రాగానే మొదట చేతులు కడుక్కునేవాడు. పొద్దంతా నాణేలు ముట్టీ ముట్టీ వేళ్ల చివర్లు నల్లగా అయ్యేవి, గోళ్ల సందుల్లో పచ్చటి మురికి పేరుకునేది. సబ్బుతో పోదు. చింతపండు పిప్పితో తోమి, మళ్లీ సబ్బు పెట్టి, బాపమ్మకు చూపించి, అప్పుడు గానీ పిల్లల్ని ఎత్తుకునేవాడు కాదు. నేను పుట్టేనాటికి ఆయన రిటైరయ్యాడు. అయినా నా చెయ్యి పట్టుకునే ముందు తన వేళ్లను ఒకసారి చూసుకోవడం నాకు గుర్తు. అదేం అలవాటో నాకు ఈ గురువారం దాకా తెలియదు.

పండగలకు ఇంట్లో ఉండేవాడు కాదట. దసరా, సంక్రాంతి, ఉగాది, అందరూ సెలవు కోసం కొట్లాడే రోజున ఆయన డ్యూటీ. అట్లా చేసిన రోజులకు వచ్చే సి-ఆఫ్‌లు జాగ్రత్తగా కూడబెట్టుకునేవాడు. ఎందుకు? పెద్దత్తమ్మ కాన్పుకు, చిన్నత్తమ్మకు టైఫాయిడ్ వచ్చినప్పుడు, మా బాపు పదో తరగతి పరీక్షలకు. పరీక్ష జరిగినన్ని రోజులూ సెంటరు బయట చెట్టు కింద నీళ్ల సీసాతో కూర్చున్నాడట. "పండుగ రేపు జేసుకున్నా పండుగనే. పరీక్ష రేపు రాదు గద" అనేవాడట. ప్రేమను మాటల్లో చెప్పే అలవాటు ఆ తరానికి తక్కువ. మా తాత దాన్ని సెలవుల లెక్కలో పెట్టాడు. ఇంత కచ్చితమైన ప్రేమ నేను మళ్లీ చూడలేదు.

మధ్యాహ్నం డిపో గేటు దాకా వెళ్లాం. లోపలికి పోవాలని బాపమ్మ అడగలేదు. గేటు అవతల నిలబడి, బయటికి వచ్చే బస్సుల నంబర్లు చదువుకుంటూ ఉండిపోయింది. తిరుగు దారిలో గాంధీ ఆసుపత్రి చూపించి, అక్కడ పూర్వం ముషీరాబాద్ జైలుండేదని చెప్పింది. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరున్న పాత గాంధీ ఆసుపత్రి 2003లో ఇక్కడికి వచ్చింది. మా బాపు పుట్టింది ఆ పాత ఆసుపత్రిలోనే. కబురు అందినప్పుడు తాత ట్యాంక్‌బండ్ మీద ఉన్నాడు. ట్రిప్పు పూర్తి చేసి, డబ్బు కట్టి, అప్పుడు వచ్చాడు. "వచ్చేసరికి పిల్లగాడు నిద్రపోతుండె" అన్నది బాపమ్మ. ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు.

శుక్రవారం

సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట, రేతిఫైల్ బస్టాండులో మొదలుపెట్టాం. స్టేషన్ కొత్తగా కట్టే పనులు నడుస్తున్నాయి, ఎటు చూసినా రేకుల కంచెలు. 1874 నాటి స్టేషన్ ఇది. మోండా మార్కెట్లో బస్తా దించి తాత చాయ్ తాగిన ఇరానీ హోటళ్లలో ఒకటైన ఆల్ఫా ఇంకా ఉంది. బాపమ్మ అక్కడ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిన్నది. ఆయన డ్యూటీ నుంచి జేబులో వేసుకొచ్చి పిల్లలకు ఇచ్చేవాడట ఈ బిస్కెట్లు. సగం పొడి అయ్యేవట, ఆ పొడి కోసమే పిల్లలు కొట్లాడుకునేవాళ్లట.

తాత ఎక్కువ కాలం చేసిన రూటు 7జెడ్, సికింద్రాబాద్ నుంచి జూపార్కు. డబుల్ డెక్కర్ బస్సులు. ఆ సన్నటి మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగాయని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పాత డబుల్ డెక్కర్లు 2000 తర్వాత కొన్నేళ్లకే ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరిలో కరెంటువి వచ్చినప్పుడు టీవీలో చూసి తాత అడిగింది ఒక్కటే: "మెట్లు జర ఎడల్పు జేసిన్రా?"

ట్యాంక్‌బండ్ మీద దిగాం. బాపమ్మ మొదటిసారిగా అక్కడ నిలబడింది. బస్సులోంచి వందసార్లు చూసి ఉంటుంది, కానీ గట్టుకు చేతులు ఆనించి నిలబడటం వేరు. విగ్రహాలు 1986లో ఎన్టీఆర్ హయాంలో పెట్టినవి. బుద్ధుణ్ణి తీసుకుపోతున్న బార్జి 1990 మార్చి 10న మునిగింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. విగ్రహాన్ని 1992 డిసెంబరు 1న పైకి తీశారు. ఆ రెండున్నరేళ్లకు పైగా తాత ఈ గట్టు మీద వచ్చీ పోయీ ప్రయాణికులకు నీళ్ల వైపు చూపించి, "మా దిక్కు రాయి అడుగున పండుకున్నది, లేస్తది" అనేవాడట. లేచినరోజు ఇంటికి జిలేబీ తెచ్చాడట. మూడు వందల యాభై టన్నుల రాయికి, నెల జీతంతో నెట్టుకొచ్చే కండక్టరు ఇంటికి ఏం సంబంధమని ఎవరైనా అనొచ్చు. బాపమ్మ మాత్రం ఆ బుద్ధుణ్ణి ఊరివాణ్ణి చూసినట్టే చూసింది.

ఆబిడ్స్‌లో జీపీఓ ముందు ఆగాం. ప్రతి నెలా జీతం చేతిలో పడగానే ఊళ్లో తల్లికి మనియార్డరు ఇక్కడి నుంచే కట్టేవాడు. తమ్ముళ్లిద్దరూ స్థిరపడ్డాక కూడా ఆపలేదు. తల్లి పోయిన తర్వాతి నెల కూడా అలవాటుగా ఫారం తీసుకుని, పేరు రాసి, కౌంటరు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడని బాపమ్మ చెప్పింది. ఆ సంగతి మా బాపుకు కూడా తెలియదట.

సాయంత్రం నుమాయిష్. తాత దిగి చూసినవాటిలో ఇదొక్కటే. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి వచ్చిన ఈ ప్రదర్శన ఏటా జనవరి 1న మొదలవుతుంది. ఆ నెలన్నర తాతకు అర్ధరాత్రి దాకా స్పెషల్ డ్యూటీలు పడేవి. కానీ ఒక్కరోజు ఎవరితోనో డ్యూటీ మార్చుకుని ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లేవాడు. జనంలో తప్పిపోతారని ప్రతి పిల్ల జేబులోనూ ఒక టికెట్ పెట్టేవాడు. దాని వెనక డిపో పేరు, తన బ్యాడ్జి నంబరు రాసి ఉండేవి. "తప్పిపోతే పోలీసు దగ్గరికి గాదు, కండక్టరు దగ్గరికి పొమ్మనేటోడు. ఏ బస్సోడైనా ఇల్లు జేరుస్తడు అని" అన్నది బాపమ్మ. మా ఇంట్లో ఇప్పటికీ మామిడికాయ పచ్చడి వేసే పింగాణీ జాడీ అట్లాంటి ఒక జనవరిలో కొన్నదే. ఈసారి ఆమె ఏమీ కొనలేదు. మిర్చి బజ్జీ తిన్నది, బొమ్మ రైలు ఎక్కుదామన్నది. ఎక్కాం.

శనివారం

8ఏ బస్సులో అఫ్జల్‌గంజ్ చేరాం. ముందు గౌలిగూడ వెళ్లాలని నేనే అడిగాను. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పటి సంగతులు తాతకు కంఠతా వచ్చు. ఆ రోజుల నుంచీ గౌలిగూడ బస్టాండులో ఉన్న హ్యాంగర్, లోపల ఒక్క స్తంభం లేకుండా కమానులా వంగిన ఇనుప కప్పు, ఆయన సర్వీసులో సగం ఎండా వానా కాచింది. 1994లో జిల్లా బస్సులు ఇమ్లిబన్‌కు మారాక కూడా సిటీ బస్సులు అక్కడే ఆగేవి. 2018 జూలై 5న అది కూలిపోయింది. అంతకు కొద్ది రోజుల ముందే ఖాళీ చేయించడంతో ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున పేపరు చదివి తాత టిఫిన్ తినలేదు. మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చుని, "మనుషులు లేనప్పుడు చూసి కూలింది, మంచిది" అన్నాడు. ఇప్పుడక్కడ కప్పు లేదు, ఖాళీ జాగా మీద నిటారుగా ఎండ. బాపమ్మ కొంగు తల మీదికి లాక్కుని కాసేపు నిలబడి, పద అన్నది.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు చూశాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి నూటయాభై మంది బతికారు. ఆ వరద తర్వాతే నగరాన్ని కాచడానికి ఎగువన గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. నయాపూల్ మీద బస్సు నెమ్మదించినప్పుడల్లా ఊళ్ల నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు తాత ఈ కథ చెప్పేవాడట. చెట్టు మాత్రం ఏనాడూ దగ్గరగా చూడలేదు.

1990 డిసెంబరు అల్లర్లలో ఒకరోజు ఆయన బస్సు అఫ్జల్‌గంజ్ దగ్గరే ఆగిపోయింది. కర్ఫ్యూ పెట్టేశారు. సంచిలో ఆ రోజు కలెక్షన్ ఉంది. గల్లీల వెంట నడుచుకుంటూ ముందు డిపోకు పోయి, డబ్బు అప్పజెప్పి, రసీదు తీసుకుని, చీకటి పడ్డాక ఇంటికి చేరాడు. బాపమ్మ తలుపు సందులోంచి చూస్తూ కూర్చుంది. "ఆ పైసలు మనయి గావు. నేనేమన్నయితే నా పిల్లలను దొంగ పిల్లలంటరు" అన్నాడట. నాకు ఆయన మీద కొంచెం కోపం వచ్చింది, అప్పటి బాపమ్మ తరఫున. ఆమెకు చెప్పాను. "నాగ్గూడ వచ్చిందే. రెండు రోజులు మాట్లాడలే" అన్నది.

సాలార్‌జంగ్ మ్యూజియం. 1951లో దివాన్ దేవిడీలో తెరిచి, 1968లో ఇప్పటి భవనంలోకి మార్చారు. పన్నెండు గంటలకు గడియారం ముందు బెంచీలన్నీ నిండిపోయాయి. చిన్న తలుపు తెరుచుకుని గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టడం మొదలుపెట్టగానే బాపమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పన్నెండు దెబ్బలూ ఆమె పెదాలు లెక్కబెట్టాయి. "అచ్చం ఆయన చెప్పినట్టే ఉన్నది" అన్నది. తాత చూడలేదు కదా అన్నాను. "చూసినోళ్లు బస్సుల ఎక్కి చెప్పుకునేటోళ్లు. గవి ఇని ఇంటికొచ్చి మాకు చెప్పేటోడు." ముసుగు కప్పుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ గురించి కూడా అట్లాగే చెప్పాడట, రాయి మీద రాయి గుడ్డ లెక్క పలచగుంటదట అని. బొమ్మ ముందు నిలబడి బాపమ్మ ఆ ముసుగును చాలాసేపు చూసింది. కుట్టుపని చేసిన చెయ్యి కదా, ఆ మడతలు ఎట్లా తెచ్చాడో అని ఆలోచించినట్టుంది.

నేనింతవరకు తాత దేన్నీ చూడలేదనే బాధతో తిరుగుతున్నాను. ఆ గడియారం దగ్గర ఆ బాధ కొంత తగ్గింది. పరాయివాళ్ల సంబరాన్ని చెవులారా విని, ఒక్క ముక్క పోకుండా ఇంటికి మోసుకొచ్చిన మనిషి ఆయన.

చార్మినార్ చుట్టూ ఇప్పుడు బండ్లు తిరగవు. 1591 నాటి ఆ మినార్లను బాపమ్మ మెడ పైకెత్తి చూసి, మెట్లు ఎక్కలేనని చెప్పి, నేరుగా లాడ్‌బజారులోకి నడిచింది. తాత పర్సులో దొరికిన ఒక పాత టికెట్ నా దగ్గరుంది. అడ్డంగా చిరిగిన అంచు, ముట్టుకుంటే పొడి రాలేట్టున్న పలచటి కాగితం. వెనక పెన్సిలుతో, సన్నటి అక్షరాల్లో: పెద్దబిడ్డ 2-4, చిన్నబిడ్డ 2-2, చెల్లె 2-4, ఇంట్ల 2-6. గాజుల సైజులు. ఏటా బోనాల ముందు ఇక్కడి నుంచి లక్క గాజులు తెచ్చేవాడు. బస్సు ఆగిన ఐదు నిమిషాల్లో దిగి, సైజులు చదివి, మళ్లీ పరుగెత్తి ఎక్కేవాడట.

దుకాణదారు బాపమ్మ చేతిని చూసి, "అమ్మా, రెండు ఆరు" అని ఎర్రటి జత అందించాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. వేసుకో బాపమ్మా, ఎవరేమంటారు అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఆయన తెచ్చినయే సందూక నిండ ఉన్నయి. గవి మీకే ఇస్తా" అని, కోడలికీ బిడ్డలకూ మనవరాళ్లకూ పేరు పేరునా సైజులు చెప్పి కొన్నది. బేరం గట్టిగానే ఆడింది, అది కూడా ఉర్దూలో. ఆమెకు అంత ఉర్దూ వచ్చని నాకు తెలియదు.

ఆదివారం

పొద్దున రామ్‌నగర్ చేపల మార్కెట్. ఆదివారం డ్యూటీ నుంచి తాత వచ్చేది కొర్రమట్టతోనే. బాపమ్మ ఇప్పుడూ చెవుల కింద ఎరుపు చూసి, వేలితో నొక్కి, రెండు చేపలు ఎంచింది. పులుసు పెట్టి, దించి, మూత వేసి, మధ్యాహ్నానికి జూపార్కు చేరాం.

7జెడ్ ఆఖరు స్టేజీ ఇది. 1963 అక్టోబరులో తెరిచిన జూ గేటు దాకా ఆయన వేలసార్లు వచ్చి, చాయ్ తాగి, బస్సు తిప్పుకుని పోయాడు. గేటు ముందు వేపచెట్టు నీడలో ఎస్సార్ రాసుకునేవాడట. లోపల బ్యాటరీ బండి ఎక్కాం. ఏనుగు, తెల్లపులి, జిరాఫీ. జిరాఫీ దగ్గర బండి ఆపించింది. "గింత పొడుగుంటదని చెప్పిండు, నేను నమ్మలే" అన్నది. వెనక మీరాలం చెరువు కట్ట ఉంది, ఇరవై ఒక్క కమానులు పక్కపక్కనే పేర్చి రెండు వందల ఏళ్ల కిందట కట్టింది. తాతకు మేస్త్రీ పనంటే గౌరవం. చూసి ఉంటే ఎంత మాట్లాడేవాడో.

రాత్రి అత్తమ్మ ఇంట్లో అందరం పులుసు పోసుకుని తిన్నాం. చిన్నత్తమ్మ కూడా వచ్చింది. తల ముక్క ఎవరికన్న దగ్గర అక్కాచెల్లెళ్లిద్దరూ ఆగిపోయారు. అది ఎప్పుడూ తాతకు వేసేవాళ్లు, ఆయనేమో తీసి చిన్నత్తమ్మ కంచంలో పెట్టేవాడు. పెద్దత్తమ్మ ముక్క తీసి చెల్లెలికే వేసింది.

సోమవారం

ఉప్పల్ నుంచి హన్మకొండ బస్సు. బాపమ్మ దారంతా నిద్రపోయింది, జనగామలో మాత్రం దానంతటదే మెలకువ వచ్చింది.

ఇంటికి రాగానే గాజుల పొట్లాలు విప్పి పంచింది. అమ్మకు సరిపోయాయి, నాకు సరిపోయాయి. మా చెల్లె చెయ్యి మాత్రం ఈ ఏడాదిలో పెరిగినట్టుంది, 2-4 పిడికిలి దాటలేదు. అది ఏడుపు ముఖం పెడితే బాపమ్మ కంగారుపడి, మార్చుకొస్తా, దుకాణం గుర్తుంది అన్నది. సంవత్సరీకం నుంచీ తాత మాట ఎత్తితే లేచి వెళ్లిపోతున్న బాపు, కుర్చీలో ముందుకు వంగి కాలెండరు చూశాడు. నుమాయిష్ ఇంకా ఉన్నట్టే కదా, వచ్చే ఆదివారం అందరం పోదాం అన్నాడు. జీపీఓ దగ్గర జరిగిన సంగతి బాపమ్మ ఆయనకు అప్పుడు చెప్పింది. నేను పెన్సిలు తీసుకుని టికెట్ కింద ఉన్న కాస్త ఖాళీలో చెల్లె పేరు, దాని పక్కన 2-6 రాశాను.